కడలివేట: దైవికమెంత, అపరాధమెంత?

ఈపూరిలో మేము చరిత్రపాఠము చెప్పుచుండఁగా నొకనాఁ డొక బాలుఁడు లేచి, "మాస్టారూ! మన జిల్లాకు సముద్రము లేదు గదా, మనకీ సముద్రపు కథలెందుకు?" అని యడిగెను. తక్కిన పిల్లలు నవ్విరి. మేము నవ్వలేదు. ప్రశ్న సహేతుకమైనదే. 2022వ సంవత్సరము ఏప్రిల్ 4వ తేదీని పల్నాడు జిల్లా వేఱుపడువఱకు నిజాంపట్నము, సూర్యలంక మున్నగు తీరగ్రామములు మాతోఁగూడ గుంటూరు జిల్లాలోనివే. ఆ దినమున బాపట్ల యొక జిల్లాయు, మేమొక జిల్లాయు నైతిమి. పటములో గీఁత మాఱెను గాని మా యంగడిలోని ఎండుచేపల బుట్ట మాఱలేదు. నరసరావుపేట, చిలకలూరిపేటల మీఁదుగా బస్సులెక్కి పోయినచో ఒక పూటలో అలల చప్పుడు వినవచ్చును. మిరపచేల నడుమఁ గూర్చుండి మనము తిను చేప యే నీటిలోనిదో, దానిని పట్టినవాఁడు సుఖముగ గట్టెక్కెనో లేదో మనమెన్నఁడును విచారించిన వారము కాము. ఆ బాలునకు తరగతిలోఁ జెప్పలేకపోయిన సమాధానమును ఇచటఁ జదువరులకు విన్నవించుచున్నాము.

సంస్కృతము చదువుకొన్న దినములలో మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున నావలను గూర్చిన కొన్ని విధులు మా కంటఁబడినవి. ఆ గ్రంథములోని పెక్కు శాసనములు, ముఖ్యముగ స్త్రీలను శూద్రులను గూర్చినవి, మనకు సమ్మతములు కావు. కాని నావల విషయమున స్మృతికర్త యొక చక్కని విభాగము చేసెను. నావలోని సొత్తు నావికుల తప్పువలనఁ జెడినచో వారే దాని నిచ్చుకొనవలెను. దైవవశమునఁ జెడినచో వారికి దండన లేదు. నావికులను జెప్పుటకు ఆయన వాడిన పదము 'దాశులు'. అనఁగా జాలరులు, పల్లెవారు. వ్యాసునిఁ గన్న సత్యవతి దాశరాజు పెంచిన బిడ్డయని మనమందఱ మెఱుఁగుదుము. ఆ వ్యాసునకు పూర్ణిమనాఁడు మ్రొక్కి, మఱునాఁడు జాలరిని గడప దాఁటనీయని యిండ్లు మన దేశమున నిన్నమొన్నటి వఱకుండెను.

దైవికము వేఱు, అపరాధము వేఱు అను నీ విభాగమును పట్టుకొని మన తీరపు చరిత్రము చదివినచో ఒక సంగతి తేటపడును. సముద్రముమీఁద మనిషి చచ్చిన ప్రతిసారియు లోకము "దైవికము" అనెను. కొంతకాలమునకు వేఱొకచోట ఒక కొత్త తెలివియో, ఒక శాసనమో, ఒక పనిముట్టో పుట్టి, ఆ చావును మానుపవచ్చునని చూపెను. అది తీరమునకుఁ జేరిన పిదప జరిగిన చావు దైవికము కాదు, అపరాధమే. ఆ యపరాధము తఱుచు దాశునిది కాదు, గట్టుమీఁద కూర్చున్నవారిది.

మొదట దాశుని విద్యను గూర్చి రెండు మాటలు. మన జాలరి తెలివిలేనివాఁడు గనుక మునిగెనని తలఁచుట పొరపాటు. మొద్దులను త్రాళ్లతోఁ గట్టిన తెప్ప చూపునకు మోటుగా నుండును. కాని నీరు దాని సందులలోనుండి పైకివచ్చి పోవును గనుక అది నిండి మునుఁగునది కాదు. మేకులు లేక పీచుత్రాటితోఁ బలకలను కుట్టిన మసూలా పడవ అలల దెబ్బకు విఱుగక వంగును; అందుచేతనే రేవులేని చెన్నపట్టణమునందును మన తీరమందును ఓడలనుండి దొరలను సరకులను శతాబ్దములపాటు గట్టుకుఁ జేర్చినది ఆ పడవయే. తెల్లవాఱుజామున నేలమీఁదినుండి వీచుగాలితో తెరచాప యెత్తి లోపలికిఁ బోవుట, మధ్యాహ్నము సముద్రపుగాలి తిరిగినపుడు దానితోనే యింటికి వచ్చుట వారికి పంచాంగము చూడక తెలియును. పగలు గట్టుమీఁది కొండలను గుఱుతుపెట్టుకొని తామున్న తావు తెలిసికొందురు. రాత్రి వేగుచుక్కను, పిల్లలకోడిని, ధ్రువుని నమ్ముదురు. లోతును బారలతోఁ గొలుతురు. బార యనఁగా రెండు చేతులు చాచినంత కొలత; ఇంగ్లీషువారి ఫాదము కూడ మొదట అదే కొలత. లండనునందలి నావికుఁడును ఉప్పాడ జాలరియు సముద్రమును తమ చేతులతోనే కొలిచిరన్నమాట.

అయితే ఈ విద్య కొండలు కనఁబడునంత దూరమునకును, గాలి తన మాట నిలుపుకొను దినములకును సరిపోవును. వాయుగుండము పుట్టినపుడు నేలగాలియు సముద్రపుగాలియు తమ క్రమము తప్పును, చుక్కలు మబ్బులో మునుఁగును, కొండలు మాయమగును. అపుడు ఎంతటి నేర్పరికైనను ఇంకొకరి తెలివి తోడు కావలెను. ఆ తోడును సంఘము దాశునకు ఎప్పుడెప్పుడిచ్చెనో చూతము.

మాకుఁ దెలిసినంతలో మన తెలుఁగుతీరమున "దైవికము" అను మాటను కొంతవఱకు తగ్గించిన గొప్ప శాసనము మోటుపల్లిలోనిది. కాకతీయ గణపతిదేవుఁడు 1244లో ఆ రేవునకు వచ్చిపోవు వర్తకులకు అభయమిచ్చెను. అంతకుమున్ను ఓడ గాలికి చెడి యొడ్డుకుఁ గొట్టుకొనివచ్చినచో అందలి సరకులన్నియు నా తీరపు రాజులు లాగుకొనుచుండిరి. ఓడ పగులుట దైవికమే. కాని పగిలిన ఓడను దోఁచుట దైవికము కాదుగదా. గణపతిదేవుఁడు విధిగా రావలసిన సుంకము మాత్రము పుచ్చుకొని తక్కినది సొంతదారునికి విడిచెను. ప్రాణములకంటె సొమ్మే విలువైనదని తలఁచి సముద్రయానమునకుఁ దెగించినవారికి, వారి సొమ్మును దయతో విడిచిపెట్టిన శాసనమిది. సముద్రమున నష్టపడినవానియెడ గట్టుమీఁదివారికి ధర్మమున్నదని యొక తెలుఁగురాజు రాతిలోఁ జెక్కించెను. అయినను ఆ శాసనము వర్తకునకు; జాలరికిఁ గాదు. జాలరివంతు వచ్చుటకు ఇంక నాఱువందల యేండ్లకుఁ బైగాఁ బట్టినది.

తుపాను ఎట్లు పుట్టి యెట్లు నడచునో తెలియనంతకాలము దానిని దైవికమనక తప్పదు. ఆ తెలివి కొంత మన బంగాళాఖాతమునుండియే పుట్టినది. గోదావరి ముఖమున కోరంగిని 1789లోను, 1839లోను ఉప్పెనలు పాడుచేసినవి. కలకత్తాలోని హెన్రీ పిడింగ్టను అను నుద్యోగి యీ ఖాతపు తుపానుల లెక్కలన్నియుఁ గూర్చి, గాలి పాముచుట్టవలెఁ దిరుగునని కనిపెట్టి, 1848లో దానికి 'సైక్లోను' అను పేరు పెట్టెను. నేఁడు లోకమంతయు వాడు మాట యది. 1857లో డచ్చి శాస్త్రజ్ఞుఁడొకఁడు సామాన్యుఁడైన నావికుఁడు సైతము వాడుకొనఁదగిన సూత్రమొకటి చెప్పెను: మన యుత్తరార్ధగోళమున గాలికి వెన్నిచ్చి నిలిచినచో గుండపు నడిబొడ్డు ఎడమచేతివైపున నుండును. పనిముట్టేదియు లేనివానికిఁ గూడ ఈ సూత్రము పనికివచ్చును. దీనిని తీరమందలి ప్రతి బడిలోను నేర్పవలసినది.

ఇంగ్లాండులో 1859లో 'రాయల్ చార్టర్' అను నోడ గాలివానకుఁ బగిలి వందలమంది చనిపోయిరి. దానిపై అడ్మిరలు ఫిట్జ్‌రాయి 1861లో తంతితపాలాద్వారా రేవులకు తుపానువార్తలు పంపసాగెను. రేవులలో గుఱుతులను స్తంభముల కెక్కించి జాలరులకుఁ జూపుచుండిరి. ఆయన 1865లో మరణించెను. మఱుసటి సంవత్సరము పండితులు ఆ హెచ్చరికలకు తగిన శాస్త్రాధారము లేదని వానిని నిలిపివేసిరి. కాని నావికులును జాలరులును మొఱపెట్టగా 1867లో మరల నడిపిరి. ఎవరి ప్రాణముపై వార్త పనిచేయునో వారికే దాని విలువ తెలిసెను.

1861లో బ్రిటను రేవులకుఁ బుట్టిన ఆ వార్త 1864 నవంబరు 1వ తేదీరాత్రి మన బందరునకు లేదు. ఆ రాత్రి ఉప్పెన మచిలీపట్టణమును ముంచి సుమారు 30,000 మందిని పొట్టఁబెట్టుకొన్నది. అంతకు నెలలోపున, అక్టోబరు 5న, కలకత్తా కూడ తుపానుకు పాడైయుండెను. కలకత్తా రాజధాని, అందుచేత 1865లోనే ఆ రేవునకు హెచ్చరికలేర్పడెను. 1875లో వాతావరణశాఖ పుట్టెను. 1886 నాటికిఁ గాని ఆ యేర్పాటు దేశములోని రేవులన్నిటికి విస్తరింపలేదు. బందరు చావులకును ఆ యేర్పాటునకును నడుమ ఇరువదిరెండేండ్లు గడచినవి. ఈ యిరువదిరెండేండ్లను దైవము పద్దునఁ బెట్టుదుమా?

ఇక మన కాలమునకు వత్తము. దివిసీమలోని యుప్పెనను మా పెద్దలు ఇప్పటికిని తలఁచుకొని కన్నీరు పెట్టుకొందురు. 1977 నవంబరు 19న కృష్ణాముఖమును తాఁకిన ఆ తుపానులో ప్రభుత్వలెక్కచేతనే సుమారు 10,000 మంది పోయిరి. పిదప తుపాను ఆశ్రయభవనములు కట్టిరి, వార్తలు పంపు పద్ధతి దిద్దిరి. 1990 మే 9న దానితో సాటియగు బలముగల తుపాను దాదాపు అదే తీరమును తాఁకెను. ముందుగ లక్షలకొలఁది జనమును ఎత్తుప్రదేశములకుఁ జేర్చిరి. చనిపోయినవారు వేయిమందికిఁ దక్కువ. వేయి ప్రాణములు సైతము చిన్నవి కావు. కాని పదివేలకును వేయికిని నడుమనున్న ఆ తొమ్మిదివేలను గాచినది మనుష్యుని జాగ్రత్తయే. 1977లోని చావులన్నియు దైవికములని వాదించువారు 1990ని చూడవలెను.

అయితే 1990 నేర్పిన పాఠము గట్టుమీఁదివారికే పరిమితమై పోయినది. 1996 నవంబరు 6వ తేదీ సాయంకాలము కాకినాడకు దక్షిణముగ కోనసీమను తాఁకిన తుపాను చూపునకుఁ జిన్నది, బలమునకుఁ బెద్దది. అందు వేయిమందికిఁ బైగా మరణించిరి. వారిలోఁ బెక్కుమంది వేటకుఁ బోయి సముద్రముమీఁదనే పట్టుపడినవారు. భైరవపాలెము, బలుసుతిప్ప వంటి పల్లెలలో ఒక్క దెబ్బకు వీథివీథికి మగదిక్కు లేకపోయెను. గట్టుమీఁది యూరికి వార్త చేరినది. నడిసముద్రపు పడవకు చేరలేదు. రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికలు పదునొకండు. పదవది మహాప్రమాదమునకు గుఱుతు. పదునొకండవ దానికి అర్థము, వార్తలు పంపు కేంద్రముతో సంబంధము తెగిపోయినదని. లోపలికిఁ బోయిన జాలరికి నాఁడు ఎల్లప్పుడును పదునొకండవ సూచికయే.

"అంత దూర మేల పోవలెను? గట్టు దగ్గఱనే వల వేసికొనరాదా?" అని యడుగువారు కలరు. ఇది కూడ చరిత్రమే చెప్పఁదగిన ప్రశ్న. 1905లో సర్ ఫ్రెడరిక్ నికల్సను మద్రాసు రాజధానిలోని మత్స్యసంపదను విచారించుటకు నియుక్తుఁడై, 1907లో మత్స్యశాఖను స్థాపించెను. ఆయన సహకారోద్యమమునకుఁ గూడ పెద్ద. జాలరి తానే బాగుపడక చేపల వ్యాపారము బాగుపడదని యాయన నమ్మకము. 1927 మొదలుకొని ఆ శాఖవారు 'లేడీ గోషెన్' అను నావిరిపడవతో లోతునీటి వేటభూములు వెదకించిరి. స్వాతంత్ర్యము వచ్చిన పిదప మరపడవలు వచ్చెను. 1976లో చేసిన శాసనముచేత తీరమునుండి 200 నాటికల్ మైళ్ల వఱకు, అనఁగా సుమారు 370 కిలోమీటర్ల వఱకు, సముద్రసంపదపై దేశమునకు హక్కేర్పడెను. విశాఖపట్టణము కేంద్రముగ పెద్దకంపెనీల ట్రాలర్లు రొయ్యలకై యీఁద నారంభించెను. నేలను ఊడ్చు వలలవలన గట్టుదగ్గఱ నీటిలో చేప పలుచనైనది. చిన్నపడవవాఁడు ఇంకను లోతునకుఁ బోక తప్పినది కాదు. 1991 నాటి ప్రభుత్వవిధానమున విదేశపు కంపెనీలతోఁ గలిసిన ఓడలకు అనుమతులిచ్చినపుడు దేశమంతటి జాలరులు సమ్మెలు చేసిరి. మురారి సంఘము విచారించి, 1996లో ఆ యనుమతులు రద్దుచేయవలెనని చెప్పినది. జాలరి లోతునకుఁ బోవుట దురాశవలన కాదు, దగ్గఱి నీరు అతనికి మిగులనందువలన.

మన రాష్ట్రమున 1994లో సముద్రపువేట నియంత్రణశాసనము చేసిరి. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని తూర్పుతీరమున ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు 61 దినములు మరపడవల వేటను నిలిపివేయుదురు. ఈ విరామమున జాలరి యింట పొయ్యి వెలుఁగుటకు తగిన భృతి సకాలమున చేరవలసియున్నది. లేనిచో చేపను గాచు శాసనము మనుష్యుని గాచునది కాదు.

వేట లోతునకుఁ బోయినందుకు విద్యయుఁ దోడుగఁ బోయినదని చెప్పుటకు సంతోషించుచున్నాము. 1970లో విశాఖలో తుపానులను కనిపెట్టు రాడారు పెట్టిరి. 1981లో అదే పట్టణమున మత్స్యనావికులకు శిక్షణ నిచ్చు కేంద్రసంస్థ శాఖ తెఱచిరి. 1999లో హైదరాబాదున స్థాపించిన సముద్రసమాచార కేంద్రము ఉపగ్రహములచేత నీటి వేఁడిమిని, రంగును కొలిపించి, చేపలు గుమిగూడఁదగిన తావులను తెలుఁగులోనే తెలుపుచున్నది. వేడినీరు చల్లనీరు కలియుచోట, సూక్ష్మమైన పచ్చని పాచి పెరుఁగుచోట చిన్నచేపలు చేరును. వానికై సూరచేపలు, వంజరములు చేరును. మబ్బు కమ్మినపుడు ఉపగ్రహము చూడలేదు గాని, చూచినపుడు పడవ వెదకులాట తగ్గి నూనెఖర్చు మిగులును. సముద్రమునుండి మైళ్లకొలఁది దూరముననున్న హైదరాబాదు జాలరికి చేపలజాడ చెప్పుచుండఁగా, ఈపూరు బడికి సముద్రచరిత్ర మెందుకని యడుగుటకు వీలులేదు.

వార్త చేరకున్న నేమగునో 2017 నవంబరులో కేరళ, తమిళనాడు జాలరులు మరల చూచిరి. ఓఖీ తుపాను కొద్దిగంటలలో బలపడెను. హెచ్చరిక వెలువడునాఁటికే దినములముందు లోతునకుఁ బోయినవారికి దానిని వినిపించు మార్గము లేకపోయెను. మూఁడువందల మందికిఁ బైగా మరణించిరి, లేక కనఁబడకపోయిరి. ఇది 1996 నాటి కోనసీమపాఠమే, ఇరువదియొక్క సంవత్సరముల తరువాత. పిదప ఉపగ్రహముద్వారా పడవకే నేరుగ వార్త పంపు పరికరములు వచ్చెను. అంతకుమున్నే 2010 ప్రాంతమున ఇస్రోవారు ఆపదను దెలుపు పెట్టె నొకటి చేసియుండిరి. అది మొఱను గట్టునకుఁ జేర్చును గాని గట్టునుండి ప్రత్యుత్తరము తేలేదు. 2024లో వెలువడిన రెండవతరపు పెట్టె, "నీ మొఱ చేరినది" అని జాలరికిఁ దెలుపును. అదే సంవత్సరము లక్ష పడవలకు ఇట్టి సమాచారయంత్రములు ఉచితముగ నమర్చు పథకమును కేంద్రప్రభుత్వము ఆరంభించెను. ఆపదలోనున్నవానికి తన పిలుపు వినఁబడెనని తెలియుట సగము బలము.

మేము సముద్రమున నొక్కరాత్రియైనఁ గడపినవారము కాము. కాఁబట్టి క్రింద వ్రాయు నియమములు మా సొంతములు కావు. తీరరక్షకదళమువారును శిక్షణసంస్థలును చిరకాలముగ బోధించునవియే. తీరప్రాంతమున బంధువులున్న చదువరులు వానిని వినిపించుటకై యొకచోటఁ జేర్చుచున్నాము.

మొదటిది: వార్త వినక లంగరెత్తరాదు. హెచ్చరిక యున్ననాఁడు పోయిన పడవకు ఎంత చేప దొరకినను లాభము కాదు. బహుదినములవేటకుఁ బోవువారు పోయినచోటఁ గూడ పూటపూటకు వార్త వినవలెను. ఇందుకు ఉపగ్రహపు పరికరమైనను, రేడియోయైనను ఉండితీరవలెను. చేతిఫోను గట్టు విడిచిన కొంతదూరమునకే మూగదగును, దానిని నమ్మరాదు.

రెండవది: చమురును మూఁడుపాళ్లుగ నెంచవలెను. ఒకపాలు పోవుటకు, ఒకపాలు వచ్చుటకు, ఒకపాలు ఆపదకు. యంత్రములోఁ దఱుచు చెడు భాగములు విడిగా నుండవలెను. వానిని మార్చుట కనీసము ఇద్దఱికిఁ దెలియవలెను. త్రాగునీరు అనుకొన్న దినములకుఁగాక ఇంక కొన్ని దినములకు సరిపోవునట్లు పెట్టుకొనవలెను. దప్పికకు సముద్రపునీరు త్రాగినచో దప్పిక హెచ్చి ప్రాణము పోవును.

మూఁడవది: ప్రాణరక్షకపు చొక్కా మూల పడవేయుటకుఁ గాదు, తొడుగుకొనుటకు. ఈఁత వచ్చినవానికి అక్కఱలేదనుట తప్పు. తల తగిలి స్మృతి తప్పినవాఁడు ఈఁదలేఁడు. రాత్రి దీపము లేక లంగరు వేసిన పడవను పెద్దఓడ చూడదు.

నాలుగవది: జి.పి.ఎస్. ఉన్నను దిక్సూచి విడువరాదు; విద్యుత్తు లేకున్నను అది పనిచేయును. ఆపదలో రేడియో 16వ చానలుపైఁ బిలువవలెను. తీరరక్షకదళపు ఫోను సంఖ్య 1554. పిలిచినపుడు మొదటఁ దామున్న తావు, పిదప మనుష్యుల సంఖ్య, పిదప కష్టము చెప్పవలెను. తావు తెలిసినచో తక్కిన మాట నడుమఁ దెగినను రక్షకులు రాఁగలరు.

ఐదవది: పెద్దచేపను గాలమున లాగునపుడు త్రాడు చేతికిఁ జుట్టుకొనరాదు. కొమ్ముకోనెము వంటి చేప ముక్కు బల్లెమువంటిది. అది పడవలోనికి ఎగిరి మనుష్యులను పొడిచిన సందర్భములు కలవు. సూరచేపను పట్టినవెంటనే మంచులోఁ బెట్టవలెను. ఎండలో నుంచినచో అందు విషము పుట్టును, వండినను ఆ విషము పోదు.

ఆఱవది యన్నిటికంటె సులభము, అన్నిటికంటె తఱుచు మఱవబడునది. పడవ కదలుటకు ముందు అందెక్కినవారి పేరులు, పోవు దిక్కు, తిరిగిరావలసిన దినము గట్టుమీఁద నొక పుస్తకమున వ్రాసి యుంచవలెను. దీనికి ఉపగ్రహ మక్కఱలేదు. ఒక కలము, అక్షరములు నేర్చిన యొక బాలికయుఁ జాలును.

ఈ పుస్తకమును గూర్చి మేము పట్టుపట్టుటకుఁ గారణము గృహిణులకు ముఖ్యముగఁ జెప్పవలసియున్నది. సముద్రమునఁ బోయినవాని శవము తఱుచు దొరకదు. 1872 నాటి సాక్ష్యచట్టములోను, దాని స్థానమున 2024లో అమలులోనికి వచ్చిన కొత్తచట్టములోను, ఒక మనుష్యుని గూర్చి యేడేండ్లు ఎవ్వరికిని తెలియకున్నఁ గాని యాతఁడు చనిపోయెనని యూహింపరాదు. ప్రత్యేకమైన ఉత్తర్వు రానిచో, అంతవఱకు భార్య సుమంగళియుఁ గాదు, వితంతువుఁ గాదు. బొట్టు తుడుచుకొనుటకు మనసొప్పదు; పింఛను అడుగుటకు శాసనమొప్పదు; అప్పిచ్చిన షావుకారు మాత్రము ఏడేండ్లు ఆఁగఁడు. ప్రధానమంత్రి మత్స్యసంపదయోజనలో ప్రమాదమరణమునకు 5 లక్షల రూపాయల బీమా యున్నది. కాని ఆ దినమున ఆ పడవలో ఆ మనుష్యుఁడుండెనని యెవరు చెప్పఁగలరు? పుస్తకములో పేరున్నచో అది యొక సాక్ష్యము. లేనిచో నామె కార్యాలయముల మెట్లెక్కి దిగుటయే మిగులును. కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881లో రాజమహేంద్రవరమున వితంతువివాహము జరిపించినపుడు, భర్త పోయిన స్త్రీకి జీవితము మిగిలియున్నదని మన జాతికిఁ జూపిరి. భర్త పోయెనో లేదో తెలియక శాసనము గడపమీఁద నిలఁబెట్టిన యీ స్త్రీల సంగతి సంస్కర్తలు ఇంక నెత్తుకొనవలసియున్నది. ఏడేండ్ల నియమము నేలమీఁద ఇల్లువిడిచి పోయినవానికిఁ దగియుండవచ్చును. తుపానులో మునిఁగిన పడవలోనివానికి వేఱు నియమము, శీఘ్రమైన విచారణ కావలెను.

లెక్క లేనివాని కష్టము తుపానులోనే కాదు. 2018 నవంబరులో శ్రీకాకుళము, విజయనగరము ప్రాంతముల జాలరులు గుజరాతునందలి వెరావలు రేవునుండి కూలికి వేటకుఁ బోయి, పాకిస్తాను నావికులచేతఁ బట్టుపడిరి. వారిలో ఇరువదిమంది 2020 జనవరిలో వాఘాద్వారమున మరల దేశమున నడుగుపెట్టిరి. సముద్రముపై గీఁత కంటికిఁ గనఁబడదు. దానిని దాఁటుట దైవికమనవచ్చును. కాని తమ యూర వేటకుఁ దగిన రేవులు లేక, బ్రతుకుఁదెరువునకై దేశపు ఆవలితీరమునకుఁ బోవలసివచ్చుట దైవికము కాదు.

గణపతిదేవుని శాసనమునుండి నేఁటి ఉపగ్రహమువఱకు చూచినచో, కడలిమీఁది చావులలో దైవికపుపాలు ఒక్కొక్కటిగఁ దగ్గుచు వచ్చినది. తగ్గినకొలఁది గట్టుమీఁదివారి బాధ్యత హెచ్చినది. తుపాను పుట్టుటను నేఁటికిని ఎవ్వరు నాఁపలేరు. అది దైవికముగనే యుండనిండు. వార్త చేరకపోవుట, చొక్కా లేకపోవుట, పుస్తకమున పేరు లేకపోవుట, వితంతువుకు తీర్పు రాకపోవుట మాత్రము ఇఁక దైవికములు కావు.

మా తరగతిలోని బాలునకు మేము మరునాఁడు ఈ లెక్కనే నల్లబల్లపై వ్రాసి చూపితిమి: ఒకవైపు 1864, 1977, 1990, 1996 అని సంవత్సరములు, ఎదుట పోయిన ప్రాణములు, మూఁడవగడిలో "వార్త చేరెనా?" అను ప్రశ్న. పిల్లలు తామే గడులు నింపిరి. చివర ఆ బాలుఁడు లేచి, "మాస్టారూ! పడవలవాళ్ల పేర్లు వ్రాసే పుస్తకము నిజాంపట్నములో ఉన్నదా?" అని యడిగెను. వచ్చు సెలవులలో పిల్లలను వెంటఁబెట్టుకొనిపోయి, రేవులో నిలిచి, ఆ ప్రశ్న యడుగఁ దలఁచినాము. తీరమునకు దగ్గఱనున్న చదువరులు తమ రేవులలో నిదే ప్రశ్న యడిగి, పుస్తకము లేనిచోట నొకటి కొనియిచ్చినచో, ఈ వ్యాసమునకు కలిగిన ఫలమదియే.